తుమ్మరకొండ తుపాకీ చాంబరు

దొరస్వామి పేరులో దొర ఉన్నాడు, స్వామీ ఉన్నాడు. ఉద్యోగంలో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఆయన తుమ్మరకొండ అటవీ సెక్షనుకి సెక్షన్ ఆఫీసరు. ఆఫీసంటే ఒకే ఒక్క రేకుల గది. అందులో సగం కేసుల్లో పట్టుబడిన సైకిళ్లూ గొడ్డళ్లూ ఉండేవి, మిగిలిన సగంలో ఆయన ఉండేవాడు. సర్వీసంతా చేతుల్లేని కుర్చీలోనే గడిచిపోయింది. అందుకని "మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీకుండానే రిటైరైపోతానేమో" అని తన మీద తానే జోకు వేసుకునేవాడు. ఆ జోకుకి భార్య నీలావతి నవ్వడం మానేసి చాలా కాలమైంది.

సెక్షనుని ఆనుకుని గుడిసెవంక అనే పల్లె. పల్లెకీ అడవికీ నడుమ చెరుకు, అరటి. ఆ సంగతి ఊళ్లోవాళ్లకన్నా ఏనుగులకి బాగా తెలుసు. పొద్దు వాలగానే గుంపు కొండ దిగేది. జనం డబ్బాలు కొట్టేవారు, టపాకాయలు కాల్చేవారు. ఏనుగులు మొదట్లో బెదిరాయి, తరువాత అలవాటుపడ్డాయి. ఈమధ్య డబ్బాలు మోగడాన్ని భోజనం గంట అనుకుంటున్నాయేమోనని దొరస్వామికి ఒక అనుమానం.

అటువంటి రోజుల్లో పోలీసు శాఖ ఆధునికమైంది. ఒక శాఖ ఆధునికం కావడమంటే దాని పాతసామాను ఇంకో శాఖకి చేరడం. దశాబ్దాలుగా గోడౌనులో పడుకున్న త్రీనాట్‌త్రీ రైఫిళ్లు కొన్ని అటవీ శాఖకి వచ్చాయి. వాటిలో ఒకటి తుమ్మరకొండ వాటాకి దక్కింది. దానితోపాటు చప్పుడే తప్ప ప్రాణహాని లేని బ్లాంకు గుండ్ల పెట్టె ఒకటి. అప్పగింత సభలో డివిజను పెద్ద, డీఎఫ్ఓ సర్వోత్తమరావుగారు తుపాకీని రెండు చేతులతో ఎత్తి, "మానవ-గజ సంఘర్షణ నివారణలో ఇదొక మైలురాయి" అన్నారు. దొరస్వామి చేతికి వచ్చాక అది నిజంగానే రాయంత బరువుందని తేలింది.

మొదటి పరీక్షకి ఊరు ఊరంతా మునెమ్మ చెరుకుతోట గట్టుకి తరలివచ్చింది. మునెమ్మ అరవై ఏళ్ల మనిషి, భర్త లేడు, ఆ తోటే ఆమెకి అన్నీ. ఏనుగుల గుంపు అడవి అంచున నిలబడింది. దొరస్వామి ముందు నిలబడ్డాడు, జనం ఆయన వెనక నిలబడ్డారు. ఆయన గుండు పెట్టి, దాన్ని గొట్టంలోకి నెట్టే బోల్టుని ముందుకి తోశాడు. అది ఇంకో వేలెడు దూరముందనగా ఆగిపోయింది. బోల్టు పిడి కిందికి తిరగదు. ఇంకాస్త తోశాడు. అరచేత్తో కొట్టాడు. చెయ్యి నొప్పెట్టింది గాని తుపాకీకి ఏమీ కాలేదు. గుంపుకి పెద్దయిన ఆడఏనుగు చెవులు విప్పి ఈ కార్యక్రమమంతా ఓపికగా చూసింది.

వెనకనించి మునెమ్మ అడిగింది. "సారూ, అది పేల్చేదా, ఊరికే పట్టుకునేదా?"

సమాధానం చెప్పేలోగా ఏనుగు ఒక అడుగు ముందుకేసింది. ఆ రోజు దొరస్వామి పారిపోయాడని ఊళ్లో చెప్పుకున్నారు. తాను పారిపోలేదనీ, క్షేత్రస్థాయి పరిస్థితిని దూరం నుంచి సమీక్షించడానికి వేగంగా వెళ్లాననీ ఆయన నీలావతికి వివరించాడు. మరుసటి ఆదివారమే తిరుమల వెళ్లి, ప్రాణం దక్కినందుకు గుండు కొట్టించుకుని వచ్చాడు.

వచ్చాక తుపాకీ ముందు కూర్చున్నాడు. గుండు మార్చి చూశాడు, అదే తంతు. దీపపు నూనె పోసి చూశాడు, జారడానికి బదులు జిగురైంది. గుండు పెట్టకుండా తోస్తే బోల్టు వెన్నలా మూసుకుంటోంది. పెడితే మూసుకోదు. అంటే తప్పు బోల్టుది కాదు. గొట్టం మొదట్లో గుండు కూర్చునే చోటేదో ఉంది, అక్కడ ఏదో అడ్డం పడుతోంది. తుపాకీతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో చూస్తే ఆ చోటుని చాంబరు అంటారని ఉంది. కొత్త మాట నేర్చుకున్నానని దొరస్వామి సంతోషించాడు. కొంప మునిగింది ఆ మాటతోనే.

తనే విప్పి చూద్దామంటే, క్షేత్ర సిబ్బంది ఆయుధాన్ని విప్పరాదని అదే పుస్తకం చివరి పేజీలో ఉంది. ఆయుధాల మెకానిక్కే విప్పాలి. మెకానిక్కు కోసం పోలీసు శాఖకి ఫోను చేస్తే, ఆ రైఫిళ్లు వెళ్లిపోయాయి కాబట్టి ఆ పోస్టూ తీసేశామన్నారు.

ఇక మిగిలింది వీడియో సమావేశం. ఆ నెలలో శాఖ అంతటా 'క్షేత్ర గౌరవ పక్షోత్సవాలు' నడుస్తున్నాయి. కింది ఉద్యోగుల ఆత్మగౌరవాన్ని మార్చి నెలాఖరులోగా పెంచి, పెంచినట్టు ఫొటోలు పంపాలి. తెర మీద సర్వోత్తమరావుగారు ఒక్కొక్క సెక్షన్నే పిలుస్తున్నారు.

"తుమ్మరకొండ! మీ సమస్య ఏమిటి? నిర్భయంగా చెప్పండి."

"సార్, చాంబరు ప్రాబ్లం సార్. మరీ ఇరుకుగా ఉంది."

సర్వోత్తమరావుగారు తెర మీద ముందుకి వంగారు.

"ఎంతకాలంగా?"

"మాకు ఇచ్చినప్పట్నుంచీ అంతే సార్. ఎంత బలంగా తోసినా సగంలో ఆగిపోతా ఉంది. లోపలికి పోదు, వెనక్కి రాదు."

"అయ్యయ్యో. మీ స్థాయిలో మీరేమైనా ప్రయత్నం చేశారా?"

"నూనె పూసి చూసినాను సార్."

సర్వోత్తమరావుగారు కళ్లద్దాలు తీశారు. "విన్నారా? అందరూ విన్నారా? ఒక సెక్షన్ ఆఫీసరు తన చాంబరులో ప్రవేశించడానికి ఒంటికి నూనె పూసుకోవలసిన దుస్థితి! మనం ఏ శతాబ్దంలో ఉన్నాం? తక్షణమే తగు చర్యలు గైకొనవలసిందిగా ఇంజనీరింగు విభాగాన్ని ఆదేశిస్తున్నాను."

"తుపాకీ సార్, నేను చెప్పేది తుపాకీ..." అన్నాడు దొరస్వామి. అప్పటికే ఆయన్ని మ్యూట్ చేసేశారు. తెర మీద ఆయన నోరు తెరుస్తూ మూస్తూ ఉండడం చూసి, ఆనందంతో మాట పెగలడం లేదనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండా ఇంజనీరు భానుమూర్తి టేపుతో దిగాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాటకి ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. రేకుల గదిని అటూ ఇటూ కొలిచి అడిగాడు.

"ఇంతకీ లోపలికి పట్టనిది ఏవిటండీ?"

"గుండు సార్."

భానుమూర్తి దొరస్వామి నున్నటి తలని కాసేపు సానుభూతితో చూశాడు. గుమ్మాన్ని చూశాడు. మళ్లీ తలని చూశాడు. "ఏవనుకోకపోతే ఒకసారి ఇలా వంగుతారాండీ? చుట్టుకొలత తీసుకుంటాను."

"నా గుండు కాదు సార్, తుపాకీ గుండు!"

"తుపాకీ కూడా గదిలోనే పెడతారాండీ? అయితే గోడ ఎత్తు పెంచాలి."

దొరస్వామికి దుఃఖం వచ్చింది. తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుండు పెట్టాడు, బోల్టు తోశాడు, ఆగిన చోటు వేలితో చూపించాడు. "చాంబరంటే ఇది సార్. ఈ రంధ్రం. నాకు గది వద్దు, ఇది బాగైతే చాలు."

భానుమూర్తి తనూ ఒకసారి తోసి చూశాడు. నిదానంగా టేపు చుట్టుకున్నాడు. తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

"అర్థమైందండీ. నేనేం వెర్రివాణ్ణి కాదు. కానీ శాంక్షనైంది గదికండీ. తుపాకీ రిపేరుకి పద్దు లేదు. పొరపాటు జరిగిందని పైకి రాస్తే ఎవరిది పొరపాటంటారు? పెద్దాయనదని రాయగలమా? మీదే అంటారు. మీరు కాదంటే గది పక్క సెక్షనుకి పోతుందండీ, అంతే." కాస్త ఆగి అన్నాడు. "ఎస్టిమేటులో ఏసీ ఉంది. కుర్చీ కూడా ఉందండీ. చేతులున్నది."

దొరస్వామి మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే మాట్లాడదామనే నోరు తెరిచాడు. కానీ అప్పటికే ఊహలో ఆయన మోచేతులు ఆ కుర్చీ చేతుల మీద వాలిపోయాయి. ఆ మౌనాన్ని ఆఫీసు భాషలో సమ్మతి అన్నారు. దాన్ని ఏమనాలో దొరస్వామికి తెలుసు గాని, ఆ మాట పైకి అనలేదు.

గది చకచకా లేచింది. రేకుల షెడ్డు పక్కన గులాబీ రంగు గోడలు, అద్దాల కిటికీ, లోపలికి ఊదే ఏసీ, తలుపు మీద ఇత్తడి పలక: సెక్షన్ ఆఫీసరు వారి చాంబరు. ప్రారంభోత్సవానికి సర్వోత్తమరావుగారే వచ్చి రిబ్బను కత్తిరించారు. "ఈ చాంబరు ఇటుకలతో కట్టినది కాదు, ఆత్మగౌరవంతో కట్టినది" అన్నారు. మేస్త్రీ ఆ మాట విని కంగారుగా భానుమూర్తి వైపు చూశాడు.

తుపాకీ ఏదని కూడా పెద్దాయన అడిగారు. తెచ్చి చూపిస్తే చాలా ముచ్చటపడ్డారు. ఇంత మంచి గదిలో అది మూలన పడి ఉండడం మర్యాద కాదన్నారు. కుర్చీకి సరిగ్గా పైన, గోడకి, అద్దాల పెట్టెలో పెట్టించారు. బిళ్ల కట్టుకున్న అటెండరుని కూడా ఒకణ్ణి ఇచ్చారు. పేరు ఎల్లప్ప. అతనికి ఒక్కటే పని. చీటీ లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వకూడదు.

దొరస్వామి మారిపోయాడని ఎవరూ అనలేరు. ఆయన కదిలితే కదా మారడానికి. పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. మోచేతులు పెట్టుకునేవాడు. చల్లగా ఉండేది. మొదటి రోజు సిగ్గేసింది. రెండో రోజు కొంచెం సిగ్గేసింది. ఆ తరువాత చలి వేస్తే శాలువా తెచ్చుకున్నాడు.

ఒక సాయంత్రం మునెమ్మ పరుగున వచ్చింది. ఎల్లప్ప స్టూలు మీంచి లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"చీటీ ఇయ్యవ్వా."

"చీటీ ఏందిరా? తోట్లోకి దిగేసినాయి! సారును పిలువు!"

"పిలస్తా. పేరు, ఊరు, పని రాసియ్యి."

"నాకు రాసేది రాదు. పనేందంటావా? ఏనుగులు!"

"సరే, నేనే రాస్తా ఉండు." ఎల్లప్ప పెన్ను విదిలించాడు. "ఏనుగులు నీయా, గవర్నమెంటువా?"

"నీ నోట్లో మన్ను పడ! నావైతే నా చెరుకు నేనే మేపుకుంటా గదరా, ఈడికొచ్చి ఏల అరస్తా?"

"అట్లయితే సొంత పని అని రాసేదా, ప్రజా సమస్య అని రాసేదా? దానికొకటి దీనికొకటి రంగు చీటీలుండాయి."

లోపల ఏసీ హోరులో దొరస్వామి కునుకు తీస్తున్నాడు. చీటీ ఆయన బల్ల మీదికి వచ్చింది, దాని మీద గాజు పేపరువెయిటు కూడా వచ్చింది. ఆయనకి మెలకువ మాత్రం రాలేదు. మెలకువ వచ్చి, చీటీ చదివి, శాలువా విసిరేసి పరిగెత్తేసరికి ఏనుగులు తిన్నంత తిని, తినలేనిది తొక్కి, కొండెక్కేశాయి. తోట చాప పరిచినట్టుంది. మునెమ్మ గట్టు మీద కూర్చుని ఉంది.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తల తిప్పి ఆయన వైపు చూసింది.

"నీ గది శానా సల్లగా ఉంటాదంట గదా సారూ" అంది. అంతే, మళ్లీ తోట వైపు తిరిగింది.

దొరస్వామి ఆ మాట మోసుకుని చాంబరుకి తిరిగివచ్చాడు. ఎల్లప్పని ఇంటికి పొమ్మన్నాడు. ఎవరి ముఖమూ చూడబుద్ధి కాక తలుపు వేసుకుని గడియ పెట్టబోయాడు. గడియ పడలేదు. సగం దూరం పోయి ఆగింది. ఇంత ఖర్చు పెట్టి కట్టిన గదికి గడియ కూడా పడదా అని భానుమూర్తిని తిట్టుకుంటూ వంగి చూశాడు. గోడకి వేసిన రంగు గడియ దూరే రంధ్రంలోకి కారి గట్టిపడిపోయింది. జేబులో ఉన్న తాళంచెవితో గీకాడు. గులాబీ రంగు పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. గడియ టక్కున లోపలికి పోయింది.

తీశాడు. వేశాడు. మళ్లీ తీశాడు. గడియ పట్టుకుని అలాగే నిలబడి, మెల్లిగా తలెత్తి గోడ మీద అద్దాల పెట్టె వైపు చూశాడు.

"ఛీ, నా బతుకు" అన్నాడు పైకే.

మరునాడు పొద్దున పుస్తకం చివరి పేజీని ఒకసారి భక్తిగా చదివి, మూసేసి, తుపాకీని ఇంటి పెరట్లోకి తీసుకుపోయాడు. లోపల గుండు లేదని రెండుసార్లు చూసుకున్నాడు. బోల్టు బయటికి లాగి, గొట్టాన్ని వెనకవైపు నుంచి ఎండకెదురుగా పట్టి కన్ను పెట్టాడు. గొట్టం ఆ కొసన వెలుతురు గుండ్రంగా కనిపించింది గాని, ఈ కొసన గుండు కూర్చునే చోట గోడంతా గోధుమరంగు పొర. గోడౌనులో తుప్పు పట్టకుండా ఎవరో ఎప్పుడో దట్టించిన గ్రీజు. ఏళ్ల తరబడి ఎండి లక్కలా బిగుసుకుపోయింది. దాని మీద తాను పోసిన దీపపు నూనె జిడ్డు ఇంకో పొర.

కిరోసిను పోసి నాననిచ్చాడు. కర్రపుల్లకి పాత బనీను పీలిక చుట్టి లోపల పెట్టి తిప్పాడు. నల్లగా, ముద్దగా, ఎండిన చింతపండు గుజ్జులా బయటికి వచ్చింది. మళ్లీ తిప్పాడు. పీలిక తెల్లగా వచ్చేదాకా తిప్పి, పొడిగుడ్డతో తుడిచి, బోల్టు బిగించి, బ్లాంకు గుండు ఒకటి పెట్టి తోశాడు. ఎక్కడా ఆగలేదు. పిడి వంగి కూర్చుంది. వెనక్కి లాగితే గుండు బుద్ధిగా బయటికి వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది.

నీలావతి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అంతేనా?"

"అంతే."

"చెవిలో గుబిలి తీసినంత పనికి, గది కట్టించుకున్నారా?"

దొరస్వామి బనీను పీలిక పారేసి చేతులు కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం ఎవరూ పిలవకముందే పోయి గట్టు మీద నిలబడ్డాడు. గుంపు వచ్చింది. మునెమ్మ తోట అయిపోయింది కాబట్టి ఈసారి పక్కనున్న అరటి మీదికి నడుస్తోంది. దొరస్వామి తుపాకీ ఆకాశానికి ఎత్తి పేల్చాడు. కొండలు ఆ చప్పుడుని ఒకదానికొకటి అందించుకున్నాయి. పెద్ద ఏనుగు ఆగి, తొండమెత్తి గాలి చూసింది. రెండోసారి పేల్చాడు. గుంపంతా వెనక్కి తిరిగి అడవిలోకి దూసుకుపోయింది. ఊరు కేకలు వేసింది. ఎవరో ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకోబోయి, బరువు చూసి మానుకున్నారు.

మునెమ్మ మాత్రం దగ్గరికి వచ్చి తుపాకీని తడిమి చూసింది. "మొన్నటిదంకా ఏమైంది సారూ దీనికి?"

"దీనికేం కాలేదు మునెమ్మా" అన్నాడు దొరస్వామి. "నాకే అయింది."

ఇది ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఏనుగులు భయపడ్డాయన్న వార్త పేపర్లో వచ్చింది. మర్నాడే సర్వోత్తమరావుగారి ఫోను.

"దొరస్వామీ, అభినందనలు. శాఖకి గర్వకారణం. ఇంతకీ ఆ చప్పుడు దేనితో చేశారు?"

"తుపాకీతో సార్. మీరిచ్చిందే."

"అంటే... అది పేలిందా?"

"రెండుసార్లు సార్."

అవతల ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిన చప్పుడు వినిపించింది.

"పేలే ఆయుధం క్షేత్రస్థాయిలో ఎలా ఉంటుందయ్యా? ఎంత ప్రమాదం! పనిచేసే ఆయుధాన్ని డివిజను కేంద్రంలో, ఇనప గదిలో, కాపలాతో ఉంచాలని నిబంధన. అది పేలదన్న నమ్మకం మీదే కదా మీకిచ్చాం? మీరు మా నమ్మకాన్ని వమ్ము చేశారు."

"సార్, మరి ఏనుగులు?"

"వాటి విషయం పరిశీలనలో ఉంది."

జీపు వచ్చింది. తుపాకీని పంచనామా చేసి, గుడ్డలో చుట్టి, వెనక సీటులో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కూర్చోబెట్టి తీసుకుపోయారు. చాంబరులో అద్దాల పెట్టె ఖాళీగా ఉంటే బాగుండదని దానికి బదులు ఇంకొకటి పంపారు. దానికి బోల్టే లేదు. సంపూర్ణ సురక్షితం అని చీటీ అంటించి ఉంది. తోడుగా ఒక మెమో. అనుమతి లేకుండా ఆయుధాన్ని బాగుచేసినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలసిందిగా అందులో ఉంది.

ఆ సాయంత్రం గుంపు మళ్లీ దిగింది. దొరస్వామి వట్టి చేతులతో గట్టు మీదికి నడిచివచ్చాడు. మునెమ్మ అక్కడే ఉంది, చేతిలో నూనెడబ్బా, కర్ర. అరటితోట ఆమెది కాదు. అయినా వచ్చింది.

"తుపాకి యాడ సారూ?"

"తీసుకపోయినారు."

"ఏల? చెడిపోయెనా?"

"కాదు. బాగైంది గదా, అందుకని."

మునెమ్మ ఆయన ముఖంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నాడేమోనని. చేయడం లేదని తెలిశాక నవ్వడం మొదలుపెట్టింది. తోట పోయిన దగ్గర్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు. చాలాసేపు నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, తన డబ్బా ఆయన చేతిలో పెట్టింది. గట్టు కింద నుంచి తన కోసం ఇంకొకటి ఏరుకుంది.

"కొట్టు నాయినా. దీన్ని ఎవురూ ఎత్తుకపోరు."

దొరస్వామి కొట్టాడు. చెయ్యి నొప్పెట్టేలా కొట్టాడు. మునెమ్మ ఒక తాళంలో కొడుతుంటే ఆయన ఇంకో తాళంలో కొట్టాడు. పెద్ద ఏనుగు అరటిగెల నములుతూ ఆగి, ఈ కొత్త కచేరీ ఏమిటా అని కాసేపు విన్నది. తరువాత వెనుదిరిగింది. గుంపంతా దాని వెనకే, తొందరేమీ లేకుండా, చెవులు విసురుకుంటూ కొండెక్కిపోయింది.

"చూసినావా మునెమ్మా!" అన్నాడు దొరస్వామి రొప్పుతూ. ముఖం వెలిగిపోతోంది. "నా దెబ్బకి పోయినాయి!"

"దెబ్బకి కాదులే నాయినా" అంది మునెమ్మ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంటూ. "కడుపు నిండింది."